గుజ్జు సీసాలు

పోయిన గురువారం రాత్రి ఆఫీసు నుంచి వస్తూ అల్ మన్సూరా మెట్రో స్టేషన్ బయటికొచ్చి, మా సందు మలుపు తిరిగేసరికి కెఫెటేరియా ముందు జగిత్యాల కుర్రాడు నా కోసం కాచుకుని ఉన్నాడు. మా బిల్డింగులోనే కింది ఫ్లోర్లో ఇంకో అయిదుగురితో కలిసి ఉంటాడు. ఏసీలు రిపేరు చేసే పని. రెండేళ్ళకోసారి సెలవు. చేతిలో కరక్ చాయ్ కప్పు, మొహంలో ఇంటికెళ్ళే వాడి వెలుగు.

"అన్నా, ఆదివారం ఇంటికి పోతున్న. మా అవ్వకు మోకాళ్ళు బాగ నొస్తున్నయట. గుజ్జు అరిగిపోయిందన్నడట డాక్టరు. నువ్వు మీ అమ్మకు గోలీల సీసాలు తీస్కపోతవు గదనే, గవి ఏ కంపెనీయి మంచిగుంటయి? నాలుగు సీసాలు కొందామనుకుంటున్న."

నాలుగు సీసాలంటే మూడొందల రియాళ్ళకి తక్కువ కాదు. ఖతార్‌లో 2021 మార్చి నుంచి అమల్లో ఉన్న కనీస మూలవేతనం నెలకి వెయ్యి రియాళ్ళు. అంటే ఆ లెక్కలో దగ్గర దగ్గర మూడోవంతు నెల. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మేడ మీదకెక్కి ఏసీ విప్పే మనిషి తొమ్మిది రోజుల కష్టం. నోటి దాకా వచ్చిన కంపెనీ పేరు మింగేసి, "కూర్చో తమ్మీ, ఇంకో చాయ్ తాగుదాం" అన్నాను.

ఆ రాత్రి అతనికి చెప్పినదే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. ఎందుకంటే ఆ సీసాలు మోసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఒకటి కాదు రెండు కాదు, మూడేళ్ళు మోశాను. సూట్‌కేసులో ఖర్జూరాలు, యాక్స్ ఆయిల్, పాలపొడి డబ్బాల పక్కన బట్టల మధ్య చుట్టి, పగలకుండా, ప్రేమగా! కాబట్టి ఇది ఎవరినో తిట్టే రాత అనుకోకండి. ముందు నన్ను నేను తిట్టుకుని, తర్వాత మిగిలిన వాళ్ళ దగ్గరికొస్తాను.

*

ముందు ఆ సీసాలో ఏముందో చూద్దాం. ముఖ్యంగా రెండు సరుకులు: గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్. రెండూ మన కీళ్ళలో ఎముకల చివర ఉండే మృదులాస్థికి సంబంధించిన పదార్థాలే. మన వాళ్ళు దాన్నే "గుజ్జు" అంటారు. ఆ మాట ఎవరు పుట్టించారో గానీ అమ్మేవాళ్ళకి మహోపకారం చేశారు. గుజ్జు అనగానే కుండలో పప్పు తగ్గితే కాస్త పోసినట్టు పైనుంచి పోస్తే నిండుతుందనిపిస్తుంది కదా! అసలు సంగతి అది కాదు. మృదులాస్థి మెత్తటి పేస్టు కాదు, నున్నటి గట్టి పొర. దానికి రక్తనాళాలు లేవు. అందుకే దెబ్బతింటే బాగుపడటం అంత కష్టం. మనం మింగింది కడుపులో కలిసి, కాలేయం దాటి, రక్తంలోకి వచ్చేది కొంచెం. ఆ కొంచెంలోంచి రక్తనాళాలే లేని చోటికి చేరేదెంత? కాండ్రాయిటిన్‌ది మరీ పెద్ద అణువు, పేగుల్లోంచి లోపలికి వెళ్ళడమే కష్టం. ఇక గ్లూకోసమైన్ అంటారా, మన ఒళ్ళే దాన్ని గ్లూకోజు నుంచి తయారు చేసుకుంటుంది. కీలు అరగడానికి కారణం ఆ సరుకు కొరత కాదు. బట్టతల వచ్చిందని వెంట్రుకలు తింటే జుట్టు మొలుస్తుందా?

ఇక ఆ గ్లూకోసమైన్ ఎక్కడి నుంచి వస్తుందంటారా? ఎక్కువగా రొయ్యల, పీతల పెంకుల నుంచి. పెంకుల్ని ఆమ్లంలోనూ క్షారంలోనూ నానబెట్టి, ఖనిజాలూ మాంసకృత్తులూ తీసేస్తే కైటిన్ మిగులుతుంది. దాన్ని గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉడికిస్తే గ్లూకోసమైన్. మాది తణుకు. పక్కనే భీమవరం. దేశంలో రొయ్యల పెంపకానికి మన ఆంధ్రా పెట్టింది పేరు. మా చిన్నప్పుడు వరి చేలుగా చూసిన భూములు ఇప్పుడు రొయ్యల చెరువులు. అంటే ఊళ్ళో గుట్టలుగా పారబోసే పెంకుల్లాంటి వాటితోనే చేసిన పొడిని నేను దోహాలో రియాళ్ళు పోసి కొని, విమానంలో మోసుకెళ్ళి, మళ్ళీ ఆ గోదావరి జిల్లాకే చేర్చానన్నమాట!

ఇంకా ఘోరం ఏమిటంటే మా అమ్మ శాకాహారి. కార్తీకమాసంలో ఉల్లిపాయ కూడా ముట్టదు. ఓసారి మా అక్క కూతురు సీసా మీద సన్నక్షరాలు చదివి, "అమ్మమ్మా, ఇందులో రొయ్యలు, పీతలు ఉన్నాయని రాశారు" అంది. అమ్మ ఫోన్లో నన్నేమీ అనలేదు. "ఏరా, చూసుకోలేదా?" అంది, అంతే. మూడేళ్ళపాటు మా అమ్మ చేత రొయ్యపొట్టు తినిపించిన ఘనత నాది. (మొక్కజొన్నను పులియబెట్టి చేసే శాకాహార రకం కూడా ఉంది. కాండ్రాయిటిన్‌కి మాత్రం సాధారణంగా వాడేది పశువులు, పందులు, కోళ్ళు, సొరచేపల మృదులాస్థి. ఇంట్లో పట్టింపులున్నవాళ్ళు లేబులు చూసుకోండి.)

సరే, రొయ్యలదైతేనేం, పని చేస్తే చాలు అంటారా? నేనూ అదే అంటాను. అసలు ప్రశ్న అదే మరి.

*

ఈ కథ పెద్దగా మొదలయింది 1997లో, అమెరికాలో "ది ఆర్థరైటిస్ క్యూర్" అనే పుస్తకం వచ్చాక. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది, దాంతోపాటు సీసాలూ. అప్పటికే 1994లో అక్కడొక చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇలాంటివి "సప్లిమెంట్లు". మందులా ముందుగా పనితనం నిరూపించి అనుమతి తెచ్చుకోనక్కర్లేదు. అమ్ముకోవచ్చు. నేను చేసే ఉద్యోగం భాషలో చెప్పాలంటే టెస్టింగు లేకుండా నేరుగా ప్రొడక్షన్లోకి పంపడం. మా క్లయింటు దగ్గర ఆ పని చేస్తే మర్నాడే ఇంటికి పంపేస్తారు.

చివరికి జనం గోల పడలేక అమెరికా ప్రభుత్వమే డబ్బులు పెట్టి పెద్ద పరీక్ష చేయించింది. దాని పేరు గెయిట్. ఫలితాలు 2006 ఫిబ్రవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. మోకాళ్ళ అరుగుదల ఉన్న 1583 మందిని అయిదు గుంపులు చేశారు. ఒకరికి గ్లూకోసమైన్, ఒకరికి కాండ్రాయిటిన్, ఒకరికి రెండూ కలిపి, ఒకరికి సెలెకాక్సిబ్ అనే నొప్పి మందు, ఇంకొకరికి ఏ మందూ లేని ఉత్తుత్తి బిళ్ళ. ఎవరికి ఏది ఇస్తున్నారో రోగికీ తెలీదు, ఇచ్చే డాక్టరుకీ తెలీదు. ఆరు నెలల తర్వాత, నొప్పి కనీసం అయిదోవంతు తగ్గిన వాళ్ళెంతమందని లెక్క చూశారు.

గ్లూకోసమైన్ 64 శాతం. కాండ్రాయిటిన్ 65. రెండూ కలిపితే 67 కి కాస్త తక్కువ. అబ్బో, అనుకున్నారా? ఆగండి. ఉత్తుత్తి బిళ్ళకి 60 శాతం! తేడా లెక్కలోకి రానంత. సెలెకాక్సిబ్‌కి మాత్రం 70.

ఆ 60 అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఈ వ్యాపారమంతా దాని మీదే నిలబడింది. మోకాళ్ళ నొప్పి రోజూ ఒకేలా ఉండదు. ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ. మనం సీసా కొనేది ఎప్పుడు? నొప్పి భరించలేనంతగా ఉన్నప్పుడు. అలాంటప్పుడు ఏం చేసినా, ఏమీ చెయ్యకపోయినా తర్వాతి నెల కాస్త తగ్గే అవకాశమే ఎక్కువ. దానికి తోడు కొడుకు ఖతార్ నుంచి తెచ్చిన సీసా అన్న నమ్మకం. తగ్గుతుంది మరి! ఆ గొప్ప సీసాకి పోతుంది. మీరు తెచ్చింది ఉత్తుత్తి బిళ్ళే అయినా పదిమందిలో ఆరుగురు అమ్మలు "బాగుందిరా" అనే చెబుతారు.

అమ్మేవాళ్ళు గెయిట్‌లో ఒక చిన్న ముక్క పట్టుకున్నారు. నొప్పి మరీ ఎక్కువున్న వాళ్ళని మాత్రం విడిగా చూస్తే రెండూ కలిపి వాడినవారిలో 79 శాతానికి తగ్గింది, ఉత్తుత్తి బిళ్ళకి 54. చూశారా, పనిచేస్తోంది అన్నారు. నిజాయితీగా ఒప్పుకోవాలి, అది కొట్టిపారెయ్యాల్సిన అంకె కాదు. కానీ అది చిన్న గుంపు. పెద్ద డేటాని ముక్కలు ముక్కలుగా కోసి చూస్తే ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి మెరుస్తుంది, రిపోర్టులు చేసేవాళ్ళందరికీ తెలిసిన సంగతే. నిజమో కాదో తేలాలంటే అలాంటి వాళ్ళతోనే మళ్ళీ పరీక్ష పెట్టాలి. స్పెయిన్‌లో పెట్టారు. ఓ మోస్తరు నుంచి తీవ్రమైన నొప్పి ఉన్న 164 మంది. 2017లో అచ్చయింది. ఏమయిందో తెలుసా? పరీక్ష మధ్యలో ఆపేశారు. ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్నవాళ్ళకే ఎక్కువ తగ్గింది!

దీనికి ఎదురుగా చూపించేది మోవ్స్ అనే ఇంకో పరీక్ష, 2016లో అచ్చయింది. 606 మంది. రెండూ కలిపిన బిళ్ళ, సెలెకాక్సిబ్‌తో సమానంగా పనిచేసిందని తేల్చారు. కానీ అందులో ఉత్తుత్తి బిళ్ళ గుంపే లేదు. డబ్బు పెట్టింది ఆ సరుకు తయారుచేసే కంపెనీ. పోల్చి చూడ్డానికి ఖాళీ బిళ్ళ లేకపోతే, ఆ తగ్గినదాంట్లో మందు వాటా ఎంతో, కాలం వాటా ఎంతో ఎలా తెలుస్తుంది?

2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ పది పరీక్షల్ని, 3803 మందిని కలిపి లెక్కేసింది. పది సెంటీమీటర్ల గీత మీద నొప్పిని కొలిస్తే, ఈ మందుల వల్ల తేడా అర సెంటీమీటరుకి మించలేదు. రోగికి తెలిసేంత తేడా అంటే కనీసం 0.9 ఉండాలని వాళ్ళు ముందే అనుకున్నారు. పైగా కంపెనీ డబ్బు లేని పరీక్షల్లో ఆ కాస్త తేడా కూడా ఇంకా తగ్గిందని గమనించారు. సరే నొప్పి సంగతి వదిలేయండి, గుజ్జయినా పెరిగిందా? గెయిట్ వాళ్ళే కొంతమందిని రెండేళ్ళు ఎక్స్‌రేలతో చూసి 2008లో చెప్పారు: ఉత్తుత్తి బిళ్ళకీ వీటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇవన్నీ చూశాక అమెరికాలోని కీళ్ళ వైద్యుల సంఘం, అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ, 2019 మార్గదర్శకాల్లో మోకాలి అరుగుదలకి గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ రెండూ వద్దని గట్టిగా చెప్పింది. చేతివేళ్ళ అరుగుదలకి మాత్రం కాండ్రాయిటిన్‌కి కాస్త వెసులుబాటిచ్చింది. ఇంగ్లండులో నైస్ సంస్థ 2014లో రెండూ వద్దంది, 2022లో గ్లూకోసమైన్ వద్దని మళ్ళీ రాసింది. ఒప్పుకోని వాళ్ళూ ఉన్నారు. యూరప్‌లోని ఎస్కియో అనే సంఘం, ప్రిస్క్రిప్షన్ మీద అమ్మే ఒక ప్రత్యేకమైన గ్లూకోసమైన్ సల్ఫేట్‌ని 2019లో కూడా సిఫారసు చేసింది. అది దాచడం నాకిష్టం లేదు. కానీ ఆ మాట కూడా ఆ ఒక్క తయారీకే. మందుల షాపులో తళతళలాడే ప్రతి సీసాకీ కాదు.

*

ఇప్పుడు మన వాళ్ళు చెప్పే సమాధానాలు చూద్దాం. మూడేళ్ళు నేను చెప్పుకున్నవీ ఇవే.

ఒకటి, "మా అమ్మకి తగ్గింది మరి." చాలా సంతోషం. నేను కాదనను. కానీ ఓ పని చేసి చూడండి. మూడు నెలలు ఆపండి. తేడా ఏమీ తెలియకపోతే ఆ డబ్బు మిగిలినట్టే. మా అమ్మ చేత రొయ్యల గొడవ తర్వాత ఆపించాం కదా, అప్పుడూ అంతే నొప్పి, ఇప్పుడూ అంతే. నాకు సిగ్గేసింది గానీ ఆవిడకి ఏమీ తేడా పడలేదు.

రెండు, "డాక్టరే రాశాడు." రాస్తారు. చీటీలో అది మందులాగే కనిపిస్తుంది. ఒకసారి ఆ డబ్బా తిప్పి చూడండి. మందయితే డ్రగ్ లైసెన్సు నంబరుండాలి. చాలా డబ్బాల మీద ఉండేది పధ్నాలుగంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, అంటే బిస్కెట్ పాకెట్ మీద ఉండేదే. మన దేశంలో 2016లో వచ్చిన నియమాల ప్రకారం ఇలాంటి ఆహార సప్లిమెంట్ల మీద "వైద్యానికి వాడేది కాదు" అని రాసి తీరాలి. రాస్తారు కూడా, సన్నగా ఇంగ్లీషులో, ఇంగ్లీషు రాని మా అమ్మకి! ఓపక్క వైద్యానికి కాదని రాసి, ఇంకోపక్క మోకాలి బొమ్మ వేసి, డాక్టరు చీటీ మీద అమ్మడం. ఇది తెలివా, మోసమా? నేనయితే రెండోదే అంటాను. డాక్టర్లలో చాలామందికి ఈ సంగతులన్నీ తెలుసు. "ఏమీ రాయకపోతే పేషెంటు ఇంకో డాక్టరు దగ్గరికి పోతాడండీ" అని ఒకాయన నాతో నిజాయితీగా అన్నాడు. అంటే తప్పు సగం మనది కూడా. చీటీ ఎంత పొడుగుంటే అంత మంచి డాక్టరనుకునే వాళ్ళం కదా.

మూడు, "అమెరికాలో అందరూ వాడుతున్నారు." వాడుతున్నారు. అక్కడి కీళ్ళ వైద్యుల సంఘమే వద్దంటోంది కూడా. ఏది వినాలో మీరే చూసుకోండి.

నాలుగోది, అన్నిటికన్నా బలమైనది: "పోనీలెద్దూ, మేలు లేకపోతే లేదు, కీడైతే లేదుగా!" ఈ ఒక్క మాట కోసమే ఇదంతా రాస్తున్నాను.

చిన్న చిన్న కీడులు ముందు చెబుతాను. గుండె జబ్బుకి వార్ఫరిన్ వాడే వాళ్ళకి గ్లూకోసమైన్‌తో రక్తం మరీ పల్చబడిన సందర్భాలున్నాయి. రొయ్యలూ పీతలూ పడనివాళ్ళు జాగ్రత్త పడాలి. ఇవి కొద్దిమందికి. పెద్ద కీడు వేరే ఉంది.

*

మా పిన్ని రాజమండ్రిలో ఉంటుంది. అమ్మ కన్నా పదేళ్ళు చిన్న. నేను అమ్మకి సీసాలు పట్టుకెళ్ళిన రెండో ఏడాది, "నాకూ కీళ్ళు నొప్పులుగా ఉంటున్నాయిరా నాన్నా" అంది. "దానిదేముంది పిన్నీ" అన్నాను దర్జాగా. తర్వాతిసారి ఇంకో రెండు సీసాలు ఎక్కువ తీసుకెళ్ళాను. అవయ్యాక ఎవరు వస్తే వాళ్ళ చేత పంపించాను.

పిన్నికి నొప్పి మోకాళ్ళలో కాదు, వేళ్ళలో. రెండు చేతులకీ. పొద్దున్న లేచాక గంట దాకా వేళ్ళు ముడుచుకునేవి కావట. కాఫీ గ్లాసు పట్టుకోలేక రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగేది. కణుపులు వాచి వెచ్చగా ఉండేవి. ఇవన్నీ ఆవిడ నాకు చెప్పింది. ఫోన్లోనే చెప్పింది. నేను విన్నాను. వినీ "మందు వాడుతున్నావుగా పిన్నీ, దానికి టైమ్ పడుతుంది" అన్నాను.

అది అరుగుదల కాదు. రుమటాయిడ్ ఆర్థరైటిస్, మన వాళ్ళు కీళ్ళవాతం అంటారే, అది. ఒంటి రక్షణ వ్యవస్థే తిరగబడి సొంత కీళ్ళ మీద దాడి చెయ్యడం. అరుగుదలకీ దీనికీ పేరులో ఆర్థరైటిస్ అన్న మాట తప్ప పోలికే లేదు. దీనికి మందుంది. నిజమైన మందు, పరీక్షల్లో నెగ్గిన మందు, మెథోట్రెక్సేట్. డాక్టరు పర్యవేక్షణలో, రక్త పరీక్షలు చేయించుకుంటూ వారానికి ఒక్కసారే వేసుకోవాలి (రోజూ కాదు, అది ప్రమాదం). నా సీసాతో పోలిస్తే చాలా చవక. కానీ ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. మొదటి నెలలే కీలకం. ఆ తర్వాత వంకరపోయిన కీలుని ఏ మందూ తిరిగి తిన్నగా చెయ్యలేదు.

పిన్ని సరైన డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి ఏడాదిన్నర అయింది. అందులో ఒక ఏడాది పైచిలుకు నా సీసాలది. మధ్యలో ఒక డాక్టరుకి చూపించారు, ఆయనా అదే రకం బిళ్ళలు రాశాడు. ఇప్పుడు మందు వాడుతోంది, వాపు తగ్గింది, మళ్ళీ వంట చేసుకుంటోంది. కానీ కుడిచేతి రెండు వేళ్ళు ఒక పక్కకి వంగిపోయాయి, అవి అలాగే ఉంటాయి. పోయినసారి వెళ్ళినప్పుడు నాకు భోజనం వడ్డిస్తూ గరిటె అదోరకంగా పట్టుకుంది. నేను చూడటం చూసి చేతిని కొంగు చాటు చేసుకుంది. నా తప్పేమీ లేదన్నట్టుగా ఆవిడే నా వైపు చూసి నవ్వింది.

కీడేమీ లేదు కదా అనేవాళ్ళకి నా జవాబు ఇది. సీసాలో విషం లేదు, నిజమే. సీసా చేసే కీడు అది చేతిలో ఉందిగా అన్న ధైర్యం. ఆ ధైర్యంతో గడిచిపోయే నెలలు.

కీళ్ళ నొప్పులన్నీ ఒకటి కావు. 2005 చివర్లో, 2006లో చికున్‌గున్యా మన రాష్ట్రాన్ని కుదిపేసినప్పుడు జ్వరం తగ్గినా నెలల తరబడి కీళ్ళు పట్టేసినవాళ్ళు మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటారు. అది వేరు. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు నీళ్ళలో ఫ్లోరైడు వల్ల ఎముకలు బిగుసుకుపోయిన వాళ్ళ నొప్పి వేరు. పొదిలి, దర్శి ప్రాంతాల్లో ఆ జబ్బు గురించి 1937లోనే డాక్టర్లు రాశారు. దానికి కావలసింది మంచినీళ్ళు. గౌట్ వేరు. వీటన్నిటికీ "గుజ్జు అరిగింది" అని ఒకే పేరు పెట్టి ఒకే సీసా చేతిలో పెడుతున్నాం.

*

మరి అరుగుదలే అయితే ఏం చెయ్యాలి? ఇక్కడ మహత్తులేవీ లేవు, విసుగు పుట్టించే సంగతులే ఉన్నాయి. అందుకే వీటిని ఎవరూ సీసాలో పెట్టి అమ్మరు.

తొడ ముందు కండరం బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. కుర్చీలో కూర్చుని కాలు తిన్నగా చాపి, పది లెక్కపెట్టి దించడం. ఒక్కో కాలికి పదిసార్లు, పూటకోసారి. ఎలా చెయ్యాలో ఫిజియోథెరపిస్టు ఒకసారి చూపిస్తే చాలు. తర్వాత నడక. బరువుంటే తగ్గడం: మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళని కొలిచి చూస్తే, ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గిందని 2005లో తేల్చారు. 2013లో అమెరికాలో 454 మందితో ఏడాదిన్నర పాటు చేసిన పరీక్షలో తిండి అదుపు, వ్యాయామం రెండూ చేసినవాళ్ళకి ఏదో ఒక్కటే చేసిన వాళ్ళకన్నా నొప్పి తక్కువ. నొప్పి ఎక్కువున్న రోజు పైన రాసే డైక్లోఫెనాక్ జెల్. నోటి బిళ్ళలు డాక్టరు చెబితేనే, కిడ్నీలూ బీపీ చూసుకుని. చేతికర్ర నొప్పి ఉన్న కాలి వైపు కాదు, రెండో చేతిలో పట్టుకోవాలి. (మా అమ్మ రెండేళ్ళు తప్పు చేతిలో పట్టుకుంది. చెప్పేవాళ్ళు లేక.) గొంతుకూర్చునే దొడ్డి బదులు కమోడు, గోడకో కడ్డీ. ఇవేవీ చాలని రోజున మోకాలి మార్పిడి ఆపరేషను ఉంది, అది నిజంగా పనిచేసేది.

ఇవన్నీ మనకి తెలియవా? తెలుసు. మరి సీసా ఎందుకు కొంటాం? నా సంగతి నేను చెబుతాను. ఏడాదికి ఇరవై రోజులు సెలవు. మిగిలిన రోజులన్నీ అమ్మ మెట్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకోవడానికి నేనుండను. ఆ లోటు సూట్‌కేసులో పడుతుందా? పట్టదు కాబట్టి దొరికిందేదో పెట్టుకెళ్ళాను. సీసా తీసి బల్ల మీద పెట్టగానే అమ్మ మొహం వికసించేది, నా మనసు తేలికయ్యేది. ఆ పూటకి అది నాకు మందు. ఈ వ్యాపారం చేసేవాళ్ళకి మోకాళ్ళ గురించి ఎంత తెలుసో గానీ మన గురించి బాగా తెలుసు. ఇంటికి దూరంగా ఉన్న కొడుకులూ కూతుళ్ళూ ధర చూడరని, లేబులు చదవరని, పనిచేసిందా అని అడగరని తెలుసు. మనం ఆ లెక్క తప్పని చూపించాలి.

ఇప్పుడు శుక్రవారం పొద్దున్న మాకు సెలవు. ఇక్కడ ఏడున్నరకి, అక్కడ పదింటికి అమ్మకి వీడియో కాల్ చేస్తాను. ఆవిడ కుర్చీలో కూర్చుని కాలు చాపుతుంది, నేను ఇక్కడ లెక్కపెడతాను. "ఒరేయ్, తొమ్మిది రెండుసార్లన్నావు" అని దబాయిస్తుంది. నొప్పి మాయమవలేదు. గుడి మెట్లు మాత్రం ఒకరి సాయం లేకుండా ఎక్కుతోంది.

*

జగిత్యాల కుర్రాడు అంతా విన్నాడు. చాయ్ చల్లారిపోయింది. "నువ్వు చెప్పింది నిజమే గావచ్చు అన్నా. గని ఉత్త చేతులతోని పోతే ఎట్లనే? అవ్వ ఏమనుకుంటది?" అన్నాడు.

దానికి నా దగ్గర పరీక్షల జవాబు లేదు. మీ అవ్వకి నొప్పి ఎక్కడ, పొద్దున్న ఎంతసేపు పట్టేసినట్టుంటుంది, వాపుందా అని అడిగి చెప్పమన్నాను. అక్కడే ఫోన్ చేశాడు. మోకాళ్ళే, వాపు లేదు, లేచి కాసేపు తిరిగితే సర్దుకుంటుంది అంది ఆవిడ. అరుగుదల లాగే ఉంది, అయినా ఊరెళ్ళాక ఓసారి మంచి డాక్టరుకి చూపించమన్నాను. "బాత్రూముల కూసుండుడే కష్టమైతుంది బిడ్డా" అని కూడా ఫోన్లోనే అంది. సీసాల గురించి ఆవిడేమీ అడగలేదు.

నిన్న ఊరి నుంచి ఫొటో పంపాడు. కొత్త కమోడు, పక్కన గోడకి స్టీలు కడ్డీ, కడ్డీ పట్టుకుని నిలబడి నవ్వుతున్న అవ్వ. కింద ఒక్క ముక్క: "యాక్స్ ఆయిల్ మాత్రం తెచ్చిన అన్నా, తిట్టకు."

తిట్టను తమ్మీ. దాని లేబులు మీద గుజ్జు పెంచుతానని రాయలేదు కదా.